నడిమి వరుస దీపాలు

"ఒక గంట పడుతుందమ్మా, అలా కూర్చోండి" అని అకౌంట్స్ ఆఫీసరు లోపలికెళ్ళి తలుపేసుకున్నాడు. ఆమె ఆసుపత్రి కారిడార్లో చెక్క బల్ల మీద కూర్చుంది, చుట్టచుట్టిన డ్రాయింగులు ఒళ్ళో పెట్టుకుని, దీపాల నమూనాల పెట్టె కాళ్ళ దగ్గర పెట్టుకుని. కూర్చోవడం ఆమెకు కొత్తేం కాదు, సొంతంగా ఆఫీసు తెరిచిన ఈ ఎనిమిదేళ్ళలో దీపాల కింద గడిపిన కాలం కన్నా ఇలా మూసిన తలుపుల ముందు గడిపిన కాలమే ఎక్కువ, ఏ గదిలో ఏ దీపం ఎక్కడ ఎంత వెలగాలో గీసిచ్చే లైటింగ్ డిజైనర్ అని కార్డు మీద అచ్చు వేయించుకుంది గానీ, బల్లల మీద ఓపిగ్గా కూర్చునే మనిషి అని వేయించుకున్నా అబద్ధమేం కాదు. సాయంత్రం నాలుగైంది. ఐదుకల్లా తేలిపోతుంది, పక్కన లేస్తున్న ఆరంతస్తుల కొత్త భవనానికి దీపాల పని తనకిస్తారో, లోపల ఇప్పుడు రంగుల బొమ్మలు చూపిస్తున్న దీపాల షోరూమ్ ఆయనకిస్తారో. తనకిస్తే రెండేళ్ళు ఆఫీసు అద్దె మాట తలుచుకోనక్కర్లేదు, ఇవ్వకపోతే మూడు నెలలు, ఆ పైన తలుపుకి తాళం, ఆ లెక్క కంఠతా వచ్చు. అయినా పొద్దున కమిటీ ముందు నిలబడినప్పుడు గొంతు తడబడలేదు, ఏడుగురిలో ఆరుగురు తలలూపారు, బాగా చెప్పానని తనకే తెలిసింది, కూర కుదిరిందో లేదో వాసనకే తెలిసినట్టు. ఊపని తల ఒక్కటే, పెద్ద డాక్టరమ్మది, ఈ ఆసుపత్రి కట్టించిన మనిషి, పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, మాట తక్కువ. ఆవిడ అడిగింది ఒక్కటే ప్రశ్న. "షోరూమ్ వాళ్ళు డిజైన్ ఊరికే ఇస్తామంటున్నారు. నీకు డబ్బులెందుకివ్వాలమ్మా?"

ఎనిమిదేళ్ళుగా ఈ ప్రశ్న వింటూనే ఉంది, జవాబు నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు, పొద్దున కూడా చెప్పింది, "వాళ్ళు దీపాలు అమ్ముతారు డాక్టర్ గారూ, నేను అమ్మను, అందుకే ఎక్కడ దీపం అక్కర్లేదో నేనైతే చెప్పగలను." మంచి జవాబే, ఇద్దరు కమిటీ సభ్యులు నవ్వారు కూడా. డాక్టరమ్మ మాత్రం "ఊఁ" అంది. ఆ ఊఁ-లో ఏముందో ఇప్పటిదాకా అంతుపట్టలేదు, ఒప్పుకున్నట్టా, విన్నానులే అన్నట్టా, ఇలాంటి మాటకారుల్ని చాలామందిని చూశాను అన్నట్టా. ఊరికే. ఎంత తియ్యటి మాట. ఊరికే గీసిస్తారు, గీసిన ప్రతి గీత చివరా ఒక దీపం వేలాడుతుంది, ఆ దీపం వాళ్ళ గోడౌన్లోదే అయి ఉంటుంది, నలభై చాలినచోట డెబ్భై ఉంటాయి, కరెంటు బిల్లు మాత్రం ఊరికే రాదు. ఇదంతా ఎవరికి విడమర్చి చెప్పబోయినా, "దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు కదండీ, హహ" అని ఆ సామెత అప్పుడే తాము కనిపెట్టినట్టు నవ్వుతారు, ఈ వృత్తిలోకి వచ్చాక ఆ సామెత ఎన్నిసార్లు విందో, ఒక్కోసారికి ఒక్కో రూపాయి పుచ్చుకున్నా ఆఫీసు సొంతానికి కొనేసేది.

నవ్వుకోవడానికేం గానీ తనూ తక్కువ తినలేదు. మొదటి రెండేళ్ళు దీపాల ఖర్చులో ఇంత శాతం అని ఫీజు తీసుకునేది, ఆర్కిటెక్టులందరూ అలాగే తీసుకుంటారు కదా అని, అదే మర్యాద అనుకుని. ఒక బట్టల దుకాణానికి నెల రోజులు తల బద్దలు కొట్టుకుని నూట యాభై దీపాల్లోంచి అరవై తీసేసింది, దుకాణం మునుపటికన్నా బాగా కనిపించింది, ఓనరు ఆనందంతో మిఠాయి పెట్టె పంపించాడు, ఆ మిఠాయి నోట్లో వేసుకుంటూ బాబాయ్ లెక్క చూసి, "అమ్మాయ్, నువ్వెంత తెలివిగా పనిచేస్తే మనకంత తక్కువొస్తోంది, గమనించావా?" అన్నాడు. కూర్చున్న కొమ్మను ఎంత శ్రద్ధగా, ఎంత నునుపుగా నరుక్కుందో ఆ రోజు అర్థమైంది. బాబాయ్ అంటే నాన్న స్నేహితుడు, కరెంటు ఆఫీసులో డ్రాయింగులు గీసి రిటైరై ఆమె దగ్గర చేరాడు, ఇప్పుడు డ్రాయింగులూ ఆయనే, లెక్కలూ ఆయనే, ఎవరు ఎప్పుడు ఫోన్ చేసి "ఒక్క నిమిషం, చిన్న సలహా" అన్నారో, ఆ నిమిషం ఎన్ని నిమిషాలైందో కూడా నోటుపుస్తకంలో రాసిపెడతాడు, అందుకే చిత్రగుప్తుడని ఆమె పెట్టిన పేరుతో ఇప్పుడు ఆయన ఇంట్లో మనవలు కూడా పిలుస్తున్నారు. ఆ మిఠాయి పెట్టె తర్వాత ఫీజు గంపగుత్తగా ముందే చెప్పడం మొదలుపెట్టింది, దీపాలు పెరిగినా అంతే, తరిగినా అంతే. మొదటిసారి ఆ అంకె పైకి చెప్పినప్పుడు చెవులు వేడెక్కాయి, ఇప్పుడు టైమెంతైందో చెప్పినంత తేలిగ్గా చెబుతుంది.

ఆ తేలిక అమ్మది. అమ్మకు దారాల దుకాణం ఉండేది, మూడడుగుల వెడల్పు, గోడ నిండా దారపు ఉండలు, గుండీలు, లేసులు, లోపల ఒకే ఒక్క ట్యూబులైటు. గుడ్డముక్క పట్టుకుని ఎవరు వచ్చినా అమ్మ దాన్ని ఆ లైటు కింద చూసేది కాదు, గుడ్డా దారపు ఉండా రెండూ పట్టుకుని గడప దాటి ఎండలోకి వెళ్ళేది, కళ్ళు చికిలించి, "లోపల చూస్తే రెండూ అక్కాచెల్లెళ్ళు, బయటికొస్తే తోటికోడళ్ళు" అనేది. దీపం అబద్ధమాడుతుందని, ఏ దీపం ఎంత అబద్ధమాడుతుందో కొలవొచ్చని ఆ గడప మీదే తను తెలుసుకుంది, కాలేజీలో చెప్పినదంతా దాని మీద వేసిన రంగే. రంగు కలవకపోతే అమ్మ, "నా దగ్గర లేదమ్మా, ఎదురు కొట్లో అడుగు" అనేది, నాన్న తల పట్టుకునేవాడు, "వచ్చిన బేరాన్ని చేజేతులా పంపిస్తావేమే?" అమ్మ దారం చుట్టుకుంటూ, "లేనిదాన్ని లేదన్నాను, రేపు ఉందంటే నమ్ముతుంది" అనేది. ఒకసారి మబ్బు పట్టిన రోజు పొరపాటుపడింది, నెమలికంఠం రంగు గుడ్డకి వేరే దారం ఇచ్చింది, మర్నాడు ఎండ కాశాక గుర్తొచ్చి, కొట్టు మూసేసి, సరైన దారం పట్టుకుని ఆవిడ ఇంటికే వెళ్ళి, "కుట్టినదంతా విప్పెయ్యమ్మా, తప్పు నాది" అంది. ఆవిడ అసలు గమనించనేలేదు. గమనించాక మాత్రం అరగంట తిట్టింది, ఆ తర్వాత ఇరవై ఏళ్ళు అమ్మ కొట్టుకే వచ్చింది, వచ్చినప్పుడల్లా బేరమాడింది.

కారిడార్ చివర లిఫ్టు తెరుచుకుంది, చక్రాల మంచం ఒకటి గడగడమంటూ వచ్చింది, మీద ఒక పెద్దాయన, ఆపరేషన్ థియేటర్ వైపు. ఆమె కాళ్ళు ముడుచుకుని దారిచ్చింది. పెద్దాయన ముంజెయ్యి కళ్ళమీద అడ్డం పెట్టుకున్నాడు. పాపం భయపడుతున్నాడు, ఎవరికైనా భయమే, ఆ తలుపుల అవతల ఏముందో. ఆయన వెళ్ళిపోయాక కారిడార్ మళ్ళీ నిశ్శబ్దమైంది, ఫినాయిల్ వాసన, ఎక్కడో స్టీలు గిన్నె చప్పుడు, పైన పలకలైట్లు వరసగా, ఇరవై రెండు, అలవాటు కొద్దీ లెక్కపెట్టింది, నాసిరకం, రంగు పాలిపోయింది, ఇవి అమ్మినవాడు డిజైన్ ఊరికే ఇచ్చి ఉంటాడు. పది నిమిషాలకి ఇంకో మంచం, ఈసారి ఒక పడుచు, నిండుచూలాలు, అరచేత్తో కళ్ళు మూసుకుని వేళ్ళసందులోంచి చూస్తూ తోస్తున్న ఆయాతో అంటోంది, "ఆ లైట్లు కాస్త ఆపరూ, కళ్ళల్లో పొడుస్తున్నాయి." ఆయా, "అయిపోయిందమ్మా, వచ్చేశాం" అంది. మంచం లైటు కిందికి వచ్చినప్పుడల్లా ఆ పిల్ల మొహం తెల్లబడి, దాటగానే మామూలై, మళ్ళీ తెల్లబడుతోంది. ఆమె బల్ల మీంచి లేచి నిలబడింది. ఇరవై రెండుసార్లు. మంచం సరిగ్గా నడిమధ్యలో వెళుతుంది, దీపాలు సరిగ్గా నడిమధ్యలో ఉన్నాయి.

ఒళ్ళో ఉన్న డ్రాయింగు కింద పడి దొర్లింది. తీసి విప్పక్కర్లేదు, అందులో ఏముందో తెలుసు, తనే గీసింది, ఆరంతస్తులు, అంతస్తుకు ముప్పై నాలుగు, కారిడార్ నడిబొడ్డున ఒకే గీత మీద, మధ్యలో ఎడం ఒక్క అంగుళం తేడా రాకుండా, ఈ చివర నిలబడి చూస్తే ఆ చివరదాకా కాంతి నది పారుతున్నట్టుంటుందని కమిటీకి చెప్పింది కూడా, ఆరు తలలు ఊగింది అక్కడే. నిలబడి చూస్తే. నిలబడి చూసేవాళ్ళెవరు ఇక్కడ, డాక్టర్లు, నర్సులు, చూడ్డానికొచ్చిన చుట్టాలు, దీపాల డిజైనర్లు. వార్డుల్లో మంచాల మీద పడుకునే చూసింది, ఒక్కో గదిలో దిండు ఎక్కడుంటుందో కొలిచి, కంట్లో పడకుండా దీపం జరిపింది, ఆ పని చూసి తనే మురిసిపోయింది, గది దాటాక మాత్రం లేచి నిలబడి నడిచింది, కారిడార్ అంటే నడిచేది కదా అని. ఎంత సిగ్గుచేటు. అదీ తనకు తెలియని సంగతి కాదు, పన్నెండేళ్ళ కిందట తనూ ఇలాగే వెళ్ళింది, నొప్పులు పడుతూ, వేరే ఆసుపత్రిలో, ఇలాంటి మంచం మీదే, పంటిబిగువున పైకి చూస్తూ దీపాలు లెక్కపెట్టింది, పదమూడోది మినుకుమినుకుమంటుంటే అంత నొప్పిలోనూ ఆయా చెయ్యి పట్టుకుని "చోక్ పోయింది, మార్పించండి" అంది. ఆయా ఆ మాట నెలరోజులు అందరికీ చెప్పుకుని నవ్విందట. ఇంట్లో ఇప్పటికీ కొడుకు పుట్టినరోజు నాడు భర్త ఆ కథ చెప్పకుండా ఉండడు. లెక్కపెట్టింది, కంపెనీ గుర్తుపట్టింది, చోక్ సంగతి చెప్పింది, కళ్ళు మంటపెట్టాయన్న ఒక్క సంగతే వదిలేసింది. పనిమంతురాలు పనిలో పడి, కంటి నొప్పిని కూడా గమనించలేదు.

నాలుగున్నర. బాబాయ్‌కి ఫోన్ చేసింది, చెప్పింది, అవతల కాసేపు నోటుపుస్తకం పేజీల చప్పుడు. "గోడవారకి జరపాలంటే వైర్లన్నీ మారతాయి అమ్మాయ్. ఆరంతస్తులూ మళ్ళీ గియ్యాలి. పది రోజుల పని."

"గీద్దాం."

"గీద్దాం, కాదనను. కానీ ఇవాళెందుకు చెప్పడం? కడుపు చించుకుంటే కాళ్ళమీదే పడుతుంది. ముందు సంతకం పెట్టనీ. నెల పోయాక మార్పులని చెప్పి పంపిద్దాం. మార్పులకి అందరూ విడిగా ఫీజు కూడా తీసుకుంటారు."

"ఇవాళ పని మనకిస్తే రేపు పొద్దునే సీలింగ్ వాళ్ళొస్తారు బాబాయ్. నా డ్రాయింగు చూసి చిల్లులు కొడతారు. ఆలస్యం కాకూడదని ముందే మీరే కదా పంపించారు."

పేజీల చప్పుడు ఆగింది. "పంపించాను. సోమవారం, పదకొండింటికి" అన్నాడు చిత్రగుప్తుడు దిగులుగా.

ఆమె ఫోన్ పెట్టేసింది. ఆయన చెప్పింది తప్పుడు మాటేం కాదు, లోకం అలాగే నడుస్తుంది, ఒక నెల ఆగితే తన తప్పు కాస్తా వాళ్ళ మార్పవుతుంది, పైగా దానికో బిల్లు, ఎవరూ వేలెత్తి చూపరు, కొత్తగా వెలిసిన సీలింగుకి రెండు వందల నాలుగు మాట్లు తప్ప ఏమీ మిగలదు, ఆ మాట్లకి డబ్బు ఆసుపత్రి పెట్టుకుంటుంది. ఇప్పుడు చెబితే ఆరు తలలూ ఊగడం మానేస్తాయి, అవతల షోరూమ్ ఆయన మందహాసం. మూడు నెలలు, ఆ పైన తాళం. భయమేసింది, కానీ ఆ భయాన్ని కాస్త తడిమి చూసుకుంటే అందులో సగం కోపం, తన మీద తనకే, మిగతా సగం చేతులకి పుట్టిన దురద, గోడవార దీపం పెడితే వెలుగు గోడమీద పడి మెత్తగా కిందికి జారుతుంది, పడుకున్నవాళ్ళకి కనిపించేది వెలిగే గోడ, దీపం కాదు, అప్పుడు ముప్పై నాలుగు కూడా అక్కర్లేదేమో, ఇరవై ఆరు చాలునేమో. లెక్క అప్పుడే మొదలైపోయింది. లెక్క మొదలైందంటే ఇక తను మామూలుగానే ఉన్నట్టు.

తలుపు తెరుచుకుని షోరూమ్ ఆయన బయటికొచ్చాడు, ఇస్త్రీ నలగని చొక్కా, మంచి మనిషే, ఎదురుపడితే ఇంట్లోవాళ్ళందరినీ పేరుపేరునా అడుగుతాడు. వచ్చి పక్కనే కూర్చున్నాడు. "వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకుంటున్నారు మేడమ్. ఈ పని మీకొచ్చినా, మాకొచ్చినా ఒకటే అనుకోండి. మా దగ్గరికి వచ్చేయరాదూ? నెల జీతం, కారు, ఈ బల్లల మీద పడిగాపులుండవు."

"వస్తే, దీపాలు తగ్గించమని రాయనిస్తారా?"

ఆయన మనస్ఫూర్తిగా నవ్వాడు. "తగ్గిస్తే మీ జీతమెక్కడినుంచి వస్తుంది మేడమ్?"

"అందుకే బల్ల బాగుందండీ" అంది ఆమె, తనూ నవ్వింది, ఆయన నిజాయితీ నచ్చి. అప్పుడే ఆయా ఖాళీ మంచం తోసుకుంటూ తిరిగొస్తోంది, ఆ పడుచుని లోపల అప్పగించి. ఆమె లేచి వెళ్ళి, "అమ్మా, ఒక్క ఐదు నిమిషాలు ఈ మంచం ఇస్తావా?" అని అడిగింది. ఆయా ఆమెను కిందనుంచి పైదాకా చూసి, "ఎవరికి బాగోలేదు?" అంది. "నాకే" అంది ఆమె.

ఐదుకి అకౌంట్స్ ఆఫీసరు తల బయటపెట్టి "రండమ్మా" అన్నప్పుడు ఆమె కదల్లేదు, "డాక్టర్ గారిని ఇక్కడికే రమ్మనండి" అంది. అందరూ వచ్చారు, ఏడుగురూ, ఏమైందా అని. ఆమె మంచం పక్కన నిలబడి, డాక్టరమ్మ మొహంలోకే చూస్తూ చెప్పింది. "పొద్దున మీకిచ్చిన డ్రాయింగులో తప్పుంది డాక్టర్ గారూ. తప్పు నాదే. మాటల్లో చెబితే సగమే తెలుస్తుంది. మీరొకసారి దీనిమీద పడుకోవాలి."

ఎవరో దగ్గారు. డాక్టరమ్మ ఒక్క క్షణం ఆమెను చూసింది, చెప్పులు విడిచింది, కళ్ళజోడు తీసి ఆఫీసరు చేతికిచ్చింది, ఏ సాయమూ అందుకోకుండా ఎక్కి వెల్లకిలా పడుకుంది. ఆమె తొయ్యడం మొదలుపెట్టింది, ఆయా తోసినంత వేగంగానే, తక్కువా కాదు ఎక్కువా కాదు. మొదటి దీపం, రెండోది, మూడోది, ముసలి మొహం తెల్లబడి, మామూలై, మళ్ళీ తెల్లబడి. నాలుగో దీపం కింద డాక్టరమ్మ చెయ్యి దానంతటదే లేచి కళ్ళకడ్డం వచ్చింది. మరి దిగలేదు. ఇరవై రెండూ దాటాక థియేటర్ తలుపుల ముందు మంచం ఆగింది, వెనకాల అందరి చెప్పులూ ఆగాయి.

"నీ డ్రాయింగులోనూ ఇంతేనా?" డాక్టరమ్మ పడుకునే అడిగింది.

"ఇంతే. రెండు వందల నాలుగు. గోడవారకి జరపాలి. పది రోజులు కావాలి. తప్పు నాది కాబట్టి మళ్ళీ గీసినందుకు ఏమీ తీసుకోను. ఫీజు మాత్రం పొద్దున చెప్పిందే, తగ్గదు."

"ఆయన దాంట్లో?"

షోరూమ్ ఆయన గొంతు సవరించుకున్నాడు. "మాది మధ్యలో రెండు వరసలండీ. వెలుతురు బాగా ఎక్కువ."

డాక్టరమ్మ లేవలేదు. చెయ్యి ఇంకా కళ్ళమీదే ఉంది. ఎవరితోనూ కాకుండా, పైకప్పుకి చెబుతున్నట్టు అంది. "ముప్పై ఏళ్ళు. వీళ్ళందరూ ఇలా చెయ్యి అడ్డం పెట్టుకుంటుంటే భయం అనుకున్నాను. పక్కన నడుస్తూ, భయపడకండి, భయపడకండి అని చెప్పాను."

ఆవిడ చెయ్యి తీసి, కళ్ళు చికిలించి, తల పక్కకు తిప్పింది. "సీలింగ్ వాళ్ళకి ఫోన్ చెయ్యండి, రేపు రావద్దని. ఈ అమ్మాయి గీసిచ్చేదాకా ఒక్క చిల్లు పడకూడదు" అంది అకౌంట్స్ ఆఫీసరుతో. "ఆ మూల సాలెగూడు కూడా దులిపించండి, నిలబడి తిరిగేవాళ్ళెవరికీ కనబడినట్టు లేదు."

ఆఫీసరు ఫోన్ తీశాడు. ఆయా తన మంచం కోసం చెయ్యి చాపింది.

"ఉండమ్మా" అంది డాక్టరమ్మ ఆయాతో, లేవకుండానే, చెయ్యి మళ్ళీ కళ్ళమీద పెట్టుకుంటూ. "అమ్మాయ్, వెనక్కి తిప్పు. ఇంకోసారి చూడాలి."

ఆమె మంచం తిప్పింది.